ఏ హైదర్‌గూడ? రేడియోలో చోటు చెప్పడం ఎలా

(హైదరాబాద్‌లో కమ్యూనిటీ రేడియో వ్యాఖ్యాతలుగా చేరబోయే వాళ్ల శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, బోర్డు మీద అంకెలు చాలా రాయాల్సి ఉంటుంది.

ముందు ఒక ప్రకటన చదువుతాను, వినండి. "రేపు ఉదయం ఆరు గంటల నుంచి సాయంత్రం ఆరు వరకు హైదర్‌గూడలో మంచినీటి సరఫరా ఉండదు." తెలుగులో తప్పు లేదు, ఉచ్చారణలో తప్పు లేదు. అయినా ఈ ప్రకటన పనికిరాదు. ఎందుకంటే ఈ నగరంలో హైదర్‌గూడలు రెండున్నాయి. ఒకటి బషీర్‌బాగ్ పక్కన, పాత ఎమ్మెల్యే క్వార్టర్లున్న చోటు. దాని పిన్ 500029. ఇంకొకటి అత్తాపూర్ పక్కన, పిన్ 500048. మధ్యలో మూసీ ఉంది. మీరు పేరు మాత్రమే చెబితే ఒక హైదర్‌గూడలో ఉత్తి పుణ్యానికి డ్రమ్ములు నింపుకుంటారు. నీళ్లు నిజంగా రాని హైదర్‌గూడలో "మనది కాదులే" అనుకుని ఖాళీ బిందెలతో నిలబడతారు.

ఇది ఒక్క హైదర్‌గూడ సంగతి కాదు. లింగంపల్లి అంటే రైల్వేస్టేషన్ ఉన్న శేరిలింగంపల్లా, సుందరయ్య పార్కు ఉన్న బాగ్‌లింగంపల్లా? హకీంపేట అంటే విమానదళం వాళ్ల హకీంపేటా, టోలిచౌకి దగ్గరిదా? గాంధీనగర్ అంటే కవాడిగూడ పక్కన ఇళ్లుండే గాంధీనగరా, బాలానగర్ పక్కన ఫ్యాక్టరీలుండే గాంధీనగరా? చింతల్ అంటే జీడిమెట్ల వైపుదా, ఖైరతాబాద్ దగ్గరి చింతల్‌బస్తీనా? బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. ఇక శాంతినగర్లు, సాయినగర్లు, హనుమాన్ నగర్లు ఎన్నున్నాయో లెక్క పెట్టడం మొదలుపెడితే ఈ పూట సరిపోదు.

రేడియోకి బొమ్మ లేదు. వేలు పెట్టి చూపించలేం. మాటతోనే మనిషిని సరైన వీధి మొగలో నిలబెట్టాలి. దానికి ఈ నగరాన్ని ఎవరెవరు ఎలా ముక్కలు చేసుకున్నారో తెలియాలి. టెలిఫోన్ వాళ్లది ఒక పటం, తపాలా వాళ్లది ఇంకొకటి, కార్పొరేషన్‌ది మరొకటి, నీళ్ల బోర్డుది, కరెంటు వాళ్లది వేరే. వీటన్నిటి మీదా మన రేడియో తరంగం పరుచుకునే పటం ఒకటి. ఏ రెండు పటాల గీతలూ కలవవు.

మన పటంతోనే మొదలుపెడదాం. మన గొంతు ఎక్కడిదాకా వెళుతుంది?

ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ అని పెద్దవాళ్లకు కంఠతా వచ్చు. ఆ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. అంత పొడుగు తరంగానికి బంజారాహిల్స్ గుట్ట అడ్డం కాదు, మౌలాలి కొండా అడ్డం కాదు. నేలని అంటిపెట్టుకుని జిల్లాలు దాటి పోతుంది. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆనాటి నుంచి మీడియం వేవ్ అంటే రాజధానిలో మాట్లాడితే పల్లెలో వినడం. అందుకే ఆ పద్ధతిలో చదివేవాళ్లు "హైదరాబాద్‌లో" అంటే సరిపోయేది. వినేవాడు నిజామాబాద్‌లోనో నల్గొండలోనో ఉన్నాడు కాబట్టి, అతనికి రెండు హైదర్‌గూడలతో పని లేదు.

ఎఫ్ఎం అలా కాదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు. అది కంటి చూపులాగా తిన్నగా పోతుంది. గుట్ట వస్తే వెనక నీడ పడుతుంది, ఎత్తైన భవనం వస్తే తగిలి వెనక్కి మళ్లుతుంది. మాదాపూర్‌లో అద్దాల భవనాల మధ్య సిగ్నల్ దగ్గర ఆగిన కారులో పాట ఒక్కసారిగా గరగరమని, రెండడుగులు కదిలితే శుభ్రమవుతుంది. నేరుగా వచ్చిన తరంగం, గోడకు తగిలి వచ్చిన తరంగం ఆ ఒక్క బిందువు దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే దానికి కారణం. తరంగమే మూడు మీటర్లు కాబట్టి కొద్దిగా జరిగినా చాలు, పరిస్థితి మారిపోతుంది. సెల్‌ఫోన్‌లో ఎఫ్ఎం వినాలంటే ఇయర్‌ఫోన్ తీగ గుచ్చమనేదీ ఇందుకే, ఆ తీగే యాంటెన్నా.

ఇప్పుడు మన లెక్క. కమ్యూనిటీ రేడియోకి అనుమతించిన ప్రసార శక్తి గరిష్ఠంగా 100 వాట్లు. యాంటెన్నా నేల నుంచి 30 మీటర్లు మించకూడదు, 15కి తగ్గకూడదు. సాధారణంగా 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెడతారు. మిగతాది యాంటెన్నా కలుపుతుంది, కేబుల్ కొంత తినేస్తుంది. దిగంతం ఎంత దూరమో చూడాలంటే ఒక సూత్రం ఉంది: యాంటెన్నా ఎత్తు వర్గమూలానికి, రేడియో సెట్టు ఎత్తు వర్గమూలం కలిపి, 4.12తో గుణించండి. 30 మీటర్ల యాంటెన్నా, రెండు మీటర్ల ఎత్తున సెట్టు అయితే దాదాపు 28 కిలోమీటర్లు వస్తుంది. సంబరపడకండి. అది చదునైన మైదానం లెక్క. కాంక్రీటు నగరంలో ఇంత తక్కువ శక్తికి ఐదు నుంచి పది కిలోమీటర్లు, లైసెన్సు కూడా ఆ పరిధి కోసమే. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సిగ్నల్ చాలట్లేదంటే శక్తి పెంచాలనుకుంటారు. శక్తి రెట్టింపు చేస్తే దూరం కొద్దిగానే పెరుగుతుంది. యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే వచ్చే ఫలితం దానికన్నా చాలా ఎక్కువ. పదిహేను మీటర్ల దగ్గర ఆగిపోయిన వాళ్లు ముందు స్తంభం సంగతి చూసుకోవాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ల కమ్యూనిటీ రేడియో 90.4. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో కూడా 90.4. ఇద్దరిదీ ఒకే అంకె, ఎవరికీ ఇబ్బంది లేదు, మధ్యలో అంత దూరం ఉంది కాబట్టి. అదే ఒకే నగరంలో అయితే స్టేషన్ల మధ్య ఎడం ఉండాలి. ప్రైవేటు ఎఫ్ఎంల అంకెలు చూడండి, 92.7 పక్కన 93.5, మధ్యలో 0.8. ఎడం తగ్గితే చవక సెట్లు రెండింటినీ కలిపి వినిపిస్తాయి.

మీ పరిధి మీరే కొలుచుకోవాలి. టెక్నీషియన్ చెప్పాడని నమ్మి కూర్చోవద్దు. స్టేషన్ నుంచి నాలుగు పెద్ద రోడ్లు ఎంచుకోండి. ఒకరు కారు రేడియోతో, ఒకరు ఇయర్‌ఫోన్ గుచ్చిన మామూలు ఫోనుతో వెళ్లండి. ప్రతి కిలోమీటరుకీ ఆగి మూడు మాటల్లో ఒకటి రాయండి: శుభ్రం, గరగర, లేదు. పక్కన గల్లీలోకి వంద అడుగులు వెళ్లి మళ్లీ వినండి. ఏదైనా దుకాణంలోకి వెళ్లి లోపల వినండి, ఎందుకంటే శ్రోత ఇంట్లో ఉంటుంది, రోడ్డు మీద కాదు. వంటింట్లో గ్యాస్ స్టవ్ పక్కన పెట్టిన చిన్న సెట్టులో మాట అర్థమైతేనే ఆ వీధి మీది. ఇలా నాలుగు రోడ్లూ పూర్తయ్యాక ఒక పటం మీద చుక్కలు కలపండి. వచ్చే ఆకారం గుండ్రంగా ఉండదు. గుట్ట ఉన్న వైపు లోపలికి నొక్కుకుపోతుంది, చెరువు వైపు సాగుతుంది. ఆ ఆకారమే మీ ఊరు. మీ ప్రకటనల్లో ఉండాల్సిన పేట్ల పేర్ల జాబితా అక్కడి నుంచే తీయాలి. అల్వాల్‌లో వినపడని స్టేషన్ అల్వాల్ ట్రాఫిక్ చెబితే ఎవరికి ఉపయోగం?

టెలిఫోన్ పటానికి వద్దాం.

మన దేశంలో ల్యాండ్‌లైన్ లెక్క చాలా చక్కనిది. ముందున్న సున్నా తీసేస్తే, ఎస్‌టీడీ కోడ్ అంకెలు, నంబరు అంకెలు కలిపి పది కావాలి. హైదరాబాద్ కోడ్ 40, రెండంకెలు, కాబట్టి నంబరు ఎనిమిది అంకెలు. విశాఖపట్నం 891, మూడంకెలు, నంబరు ఏడు. ఏలూరు 8812, నాలుగంకెలు, నంబరు ఆరు. ఎవరైనా మీకు ప్రకటన కోసం ఇచ్చిన నంబరు ఈ లెక్కకు రాకపోతే అందులో అంకె పడిపోయింది, లేదా ఎక్కువైంది. మైకు ముందు కూర్చోకముందే పట్టుకోవచ్చు. విదేశంలో ఉన్న మనవాళ్లకు నంబరు ఇచ్చేటప్పుడు +91 తర్వాత సున్నా పెట్టకూడదు. +91 40 అనాలి. +91 040 అని అచ్చు వేసిన కరపత్రాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, ఆ నంబరు కలవదు. ఇంకొకటి, ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి ఉంది. పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ "ఫోను కలవట్లేదు" అనేది దీనివల్లే.

040 రాకముందు హైదరాబాద్ కోడ్ 0842. ఆ 8 మన ప్రాంతపు అంకె. విశాఖ 0891, విజయవాడ 0866, వరంగల్ 0870, కరీంనగర్ 0878, తిరుపతి 0877, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా 8తో మొదలవుతుంది, కర్ణాటకా అంతే. 4 తమిళనాడు, కేరళల అంకె. చెన్నై 044, కోయంబత్తూరు 0422, ఎర్నాకుళం 0484. పెద్ద నగరాలకు చిన్న కోడ్ ఇచ్చేటప్పుడు బెంగళూరుకు 080 పోయింది, మనకు 040 వచ్చింది. పాత నంబరు పలకల మీద, పాత పుస్తకాల వెనక అట్ట మీద 0842 కనిపిస్తే తడబడకండి, అది మన నగరమే.

నగరం లోపల నంబర్లు కూడా పేట చెప్పేవి. ఒకప్పటి ఏడంకెల నంబర్లకు ముందు 2 చేర్చి ఎనిమిది చేశారు. ఆ రెండో అంకెను చూడండి. 23 అంటే సుమారుగా ఖైరతాబాద్, బంజారాహిల్స్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, అంటే పడమర. 24 అంటే పాతబస్తీ, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, దక్షిణం వైపు. 27 అంటే సికింద్రాబాద్, తార్నాక, ఈసీఐఎల్. ఎందుకిలా? మీ ఇంటి తీగ ఒక ఎక్స్చేంజీలో ముగుస్తుంది. ఎక్స్చేంజీ నుంచి లావుపాటి భూగర్భ కేబుల్ రోడ్డు పక్కన పిల్లర్ పెట్టెకు వస్తుంది, అక్కడి నుంచి సన్న కేబుల్ స్తంభం మీది డీపీ అనే చిన్న పంపిణీ పెట్టెకు, అక్కడి నుంచి జంట తీగ మీ కిటికీలోంచి లోపలికి. ఆ జంట తీగ ఏ ఎక్స్చేంజీదో నంబరు ఆ ఎక్స్చేంజీది. మలక్‌పేట నుంచి మారేడ్‌పల్లికి ఇల్లు మారితే నంబరు మారేది. వానాకాలంలో పిల్లర్ పెట్టెలోకి నీళ్లు చేరితే ఒకరి ఫోనులో ఇంకొకరి మాటలు వినపడేవి. అదంతా రాగి తీగ కాలం. తర్వాత ప్రైవేటు కంపెనీలు 4తో, 6తో నంబర్లిచ్చాయి, వాటికి పేటతో సంబంధం లేదు. ఇప్పుడు ఫైబర్ మీద అసలే లేదు. సెల్‌ఫోన్ సంగతి సరేసరి. రెండు రాష్ట్రాలయ్యాక కూడా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకే సర్కిల్‌గా ఉన్నాయి. 2015 జూలై నుంచి నంబరు మార్చకుండా దేశంలో ఏ సర్కిల్‌కైనా మారిపోవచ్చు. కాబట్టి స్టూడియోకి వచ్చిన ఫోను నంబరు చూసి ఎక్కడి నుంచో ఊహించకండి. అడగండి.

కోడ్ సరిహద్దు నగర సరిహద్దుతో కలవదనడానికి ముంబై రహదారి మీద ఒక ఉదాహరణ ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. కూకట్‌పల్లి నుంచి పడమరకు పోతుంటే మియాపూర్, చందానగర్, ఆ తర్వాత రామచంద్రాపురం, బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్. చందానగర్ పిన్ 500050. రోడ్డు అదే, బస్సు అదే, కానీ రామచంద్రాపురం పిన్ 502032. 500 హైదరాబాద్, 502 సంగారెడ్డి వైపు. ఫోను కోడ్ మాత్రం 040. జిల్లా సంగారెడ్డి. 2007లో జీహెచ్ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఇంకొంచెం ముందుకు పోతే పటాన్‌చెరు. అదీ జీహెచ్ఎంసీలో కలిసిందే, కానీ అక్కడి పాత ల్యాండ్‌లైన్ల కోడ్ సంగారెడ్డిది, 08455. ఒకే 218 బస్సులో కూర్చుని కోఠి నుంచి పటాన్‌చెరు దాకా వెళితే మూడు నాలుగు రకాల సరిహద్దులు దాటతారు, ఒక్కటీ కిటికీలోంచి కనిపించదు. కాబట్టి "జీహెచ్ఎంసీ పరిధిలో" అన్న మాట అధికారికి అర్థమవుతుంది, బస్‌స్టాపులో నిలబడ్డ మనిషికి కాదు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. మొదటి అంకె 5 మన దక్షిణ భాగానిది, మొదటి రెండూ 50 అయితే తెలంగాణ, మొదటి మూడు 500 అయితే హైదరాబాద్, చివరి మూడు పోస్టాఫీసు. 500001 అబిడ్స్‌లోని జీపీఓ, 500003 సికింద్రాబాద్. దీన్ని చాలామంది వీధి వరసలాగా అనుకుంటారు, 81 పక్కన 82 ఉంటుందని. 81 మాదాపూర్, 82 సోమాజిగూడ. 33, 34 మాత్రం జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, నిజంగానే పక్కపక్కన ఉంటాయి. అదొక అదృష్టం, నియమం కాదు. కొత్త పోస్టాఫీసు వచ్చినప్పుడల్లా తర్వాతి అంకె ఇస్తూ పోయారు. అందుకే చిన్న అంకెలు పాత నగరానివి, తొంభైలూ వందలూ శివార్లవి: 500090 నిజాంపేట, 500092 బోడుప్పల్, 500100 కొంపల్లి.

రేడియోలో పిన్ ఎందుకు ఉపయోగమంటే, రెండు హైదర్‌గూడలను విడదీసే అతి చిన్న మాట అదే. "హైదరాబాద్-29 హైదర్‌గూడ" అంటే పాతకాలం వాళ్లకు చటుక్కున తెలిసిపోతుంది. కానీ చదివే తీరు ముఖ్యం. దిల్‌సుఖ్‌నగర్ పిన్ 500060, ముషీరాబాద్ 500020. "అరవై", "ఇరవై" ఈ రెండు మాటలూ చిన్న సెట్టులో, మిక్సీ తిరుగుతున్న వంటింట్లో ఒక్కలాగే వినపడతాయి. మొదటి అక్షరం పోతే మిగిలేది "రవై" ఒక్కటే. కాబట్టి "ఆరు సున్నా", "రెండు సున్నా" అనండి. ఇంగ్లీషులో చదివేవాళ్లకు "ఫైవ్", "నైన్" అదే గొడవ. ఫోను నంబరు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదవండి. రెండుసార్లూ ఒకేచోట ఆపండి. ల్యాండ్‌లైన్ నాలుగు-నాలుగు, సెల్ ఐదు-ఐదు, పిన్ మూడు-మూడు. మొదటిసారి ఐదు-ఐదు చెప్పి రెండోసారి నాలుగు-మూడు-మూడు అంటే రాసుకునేవాడి కలం ఆగిపోతుంది.

జీహెచ్ఎంసీ ఫిర్యాదుల నంబరు 040-21111111. దీన్ని "రెండు, ఏడు ఒకట్లు" అని చదివితే వినేవాడు 2, 7, 1 అని రాసుకుంటాడు. "రెండు ఒకటి, ఒకటి ఒకటి, ఒకటి ఒకటి, ఒకటి ఒకటి" అని జంటలుగా చదివి, ఆ తర్వాత "మొదటిది రెండు, మిగతావన్నీ ఒకట్లే" అని చెప్పండి. కరెంటుకు 1912, నీళ్ల బోర్డుకు 155313, వీటికి ముందు కోడ్ అక్కర్లేదు. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే 040 కలిపి కొడతారు.

ఇంటి నంబర్ల గురించి కొంచెంసేపు. మన నగరంలో డోరు నంబరు మూడు ముక్కలు: వార్డు, బ్లాకు, ఇల్లు. 6-3 అంటే పంజాగుట్ట, సోమాజిగూడ వైపు. 3-6 అంటే హిమాయత్‌నగర్. 12-13 తార్నాక. 16తో మొదలైతే మలక్‌పేట. ఒకే స్థలం ముక్కలైన కొద్దీ గీత పెట్టి ఇంకో అంకె చేర్చుకుంటూ పోతారు. జూబ్లీహిల్స్‌లో సొసైటీ ప్లాట్లన్నీ 8-2-293/82 అనే ఒక్క నంబరు కింద ఉన్నాయి. ఎనిమిదో వార్డు, రెండో బ్లాకు, 293వ ఇల్లు, దాని 82వ ముక్క. ఆ ముక్కే ఒక ఊరంత అయింది! దాని తర్వాత ఇంకో గీత, ప్లాటు నంబరు, ఒక్కోసారి ఇంకో అక్షరం. గీత తర్వాతది చదవకపోతే ఆ చిరునామాకు అర్థం లేదు.

ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది. హైదరాబాద్, సికింద్రాబాద్ ఒకప్పుడు వేరువేరు కార్పొరేషన్లు, 1960లో కలిపారు. ఎవరి వార్డు నంబర్లు వాళ్లకు ముందే ఉన్నాయి. ఫలితంగా 1-8 అంటే చిక్కడపల్లిలోనూ ఉంది, బేగంపేట వైపూ ఉంది. 1-10 అశోక్‌నగర్‌లోనూ ఉంది, బేగంపేటలోనూ ఉంది. రక్తం కావాలని ఫోను చేసినవాళ్లు "1-10" అని నంబరు చెబితే పేట పేరు అడగకుండా ప్రసారం చేయకండి. కంటోన్మెంట్ ఇంకా వేరు, అక్కడ రోడ్డు గుంతకు ఫిర్యాదు జీహెచ్ఎంసీకి కాదు, కంటోన్మెంట్ బోర్డుకు.

మరి జనం నిజంగా దేనితో చిరునామా చెప్పుకుంటారు? బస్‌స్టాపుతో, సినిమాహాలుతో, ఇప్పుడు పిల్లర్ నంబరుతో. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడుగాటి ఫ్లైఓవర్ 2009లో వచ్చింది, 11 కిలోమీటర్లకు పైగా. దాని కింద అత్తాపూర్, ఉప్పర్‌పల్లి జనం పిల్లర్ అంకెనే వీధి పేరుగా వాడుతున్నారు. కార్పొరేషన్ పెట్టిన ఏ నంబరుకన్నా ఇది మేలైనది, ఎందుకంటే ఇది నిజంగా వరసగా ఉంటుంది, రాత్రిపూట కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత మెట్రో వచ్చింది. మెట్రో పిల్లర్ల మీద అంకె ముందు అక్షరం ఉంటుంది: మియాపూర్-ఎల్బీనగర్ దారికి ఏ, జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) దారికి బీ, నాగోల్-రాయదుర్గం దారికి సీ. ఆ అక్షరం వదిలేస్తే పిల్లర్ మూడు చోట్ల ఉన్నట్టే. "ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్" లేదా "మెట్రో పిల్లర్" అని ముందు చెప్పి, అక్షరం చెప్పి, అప్పుడు అంకె చెప్పండి.

ట్రాఫిక్ చెప్పేటప్పుడు ఇంకో మాట కావాలి, దిక్కు. "అమీర్‌పేటలో జామ్" అంటే సగం సమాచారం. "ఎస్సార్‌నగర్ నుంచి అమీర్‌పేట వైపు వచ్చే రోడ్డు ఆగిపోయింది, ఎదురు రోడ్డు నడుస్తోంది" అంటే మనిషి నిర్ణయం తీసుకోగలడు.

నీళ్లు, కరెంటు ప్రకటనలు మీకు అధికారుల దగ్గర నుంచి వచ్చే రూపం వేరు. నీళ్ల బోర్డు కాగితంలో "కృష్ణా ఫేజ్ మూడు, ఫలానా రిజర్వాయర్ పరిధి" అని ఉంటుంది. కరెంటు కాగితంలో "11 కేవీ ఫలానా ఫీడర్" అని ఉంటుంది, ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి కొన్ని గల్లీలకు కరెంటు తెచ్చే లైను. గృహిణికి తన ఫీడర్ పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ కాగితాన్ని అలాగే చదివితే మీరు మైకులో కాగితం చదివినట్టే, ప్రకటన చేసినట్టు కాదు. లైన్‌మన్‌ని అడిగి ఆ ఫీడర్ మీద ఏ గల్లీలున్నాయో ఒక పుస్తకంలో రాసుకోండి. ఒకసారి రాసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. అయితే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినప్పుడు గల్లీలు ఒక ఫీడర్ నుంచి ఇంకోదానికి మారతాయి, ఆరునెలలకోసారి సరిచూడండి.

వరద వచ్చిన రాత్రి ఈ విషయాలన్నీ ప్రాణాలతో ముడిపడతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుంది కదా. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. అలాంటప్పుడు "మూసీ పరీవాహక ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. తాను పరీవాహక ప్రాంత ప్రజనని ఎవరనుకుంటారు? నీళ్లు వచ్చే వరసలో పేట్లు చెప్పండి: లంగర్‌హౌస్ బాపూఘాట్, అత్తాపూర్, జియాగూడ, పురానాపూల్, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెన, నాగోల్. వరసగా చెబితే చాదర్‌ఘాట్ మనిషికి తన పైన ఇంకా ఎన్ని పేట్లున్నాయో, ఎంత సమయం ఉందో అర్థమవుతుంది. వంతెన పేరు తప్పకుండా చెప్పండి, మూసారాంబాగ్ పాత వంతెన లాంటి పల్లపు వంతెన మునిగిందంటే రెండు ఒడ్ల రాకపోకలూ ఆగాయని అర్థం.

చెరువు మట్టాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. హిమాయత్‌సాగర్ పూర్తి మట్టం 1763.50 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1790 అడుగులు. ఇది చెరువు లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు. "హిమాయత్‌సాగర్‌లో 1763 అడుగుల నీరు" అని చదివితే వినేవాళ్లు హడలిపోతారు. హుస్సేన్‌సాగర్‌ది మీటర్లలో ఇస్తారు, 513.41. ఒక బులెటిన్‌లో అడుగులు, మీటర్లు కలిపి చదివితే ఏమీ అర్థం కాదు. "నిండడానికి ఇంకా అడుగున్నర ఉంది" అనండి, చాలు. ఆ తీసివేత మీరు చేయండి, శ్రోతతో చేయించకండి.

ఒకరు కాగితం పంపారు: "ఇవన్నీ వార్తలు కదా, మనం చదవచ్చా?" మంచి ప్రశ్న. కమ్యూనిటీ రేడియో, ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు తయారుచేసి చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పుల్లేకుండా ఇవ్వచ్చు. ట్రాఫిక్, వాతావరణం, నీళ్లు, కరెంటు, పరీక్షా ఫలితాలు, ప్రకృతి విపత్తుల గురించి స్థానిక అధికారులు ఇచ్చిన హెచ్చరికలు, ఇవి వార్తల కిందకు రావు. అధికారి ఇచ్చిన సమాచారమని చెప్పి, ఏ టైముకు ఇచ్చారో చెప్పి చదవండి. "ఎందుకు ఆలస్యమైంది, ఎవరి తప్పు" అని మీరు కలిపితే అది వార్త అవుతుంది, లైసెన్సుకు చిక్కు.

ఇంకో ప్రశ్న, శ్రోత ఫోను చేసి ఏదైనా చెబితే ఎలా రాసుకోవాలని. ఈ వరసలో అడగండి. మీరిప్పుడు ఎక్కడ నిలబడ్డారు, ఇంట్లో కాదు, ఇప్పుడు? దగ్గర్లో ఏ బస్‌స్టాపు, ఏ పిల్లర్? రోడ్డుకు ఏ వైపు, ఎటు వెళ్లే రోడ్డు? కళ్లతో చూశారా, ఎవరైనా చెప్పారా? ఎంతసేపైంది? తర్వాత రెండో మనిషితో సరిచూసుకుని అప్పుడు మైకు.

మొదటి ప్రకటన దగ్గరికి వద్దాం. దాన్ని ఇలా రాయాలి, చదువుతాను: "అత్తాపూర్ పక్కనున్న హైదర్‌గూడ వాళ్లకు. పిన్‌కోడ్ చివర నాలుగు ఎనిమిది. పైప్‌లైన్ మరమ్మతు వల్ల రేపు, బుధవారం, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మీకు నల్లా నీళ్లు రావు. ఇవాళ రాత్రే పట్టుకోండి. బషీర్‌బాగ్ దగ్గరి హైదర్‌గూడకు మాత్రం నీళ్లు ఎప్పటిలాగే వస్తాయి. నీళ్ల బోర్డు ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి చెప్పిన సమాచారం ఇది. అనుమానముంటే ఫోను చేయండి: ఒకటి ఐదు ఐదు, మూడు ఒకటి మూడు. ముందు కోడ్ అక్కర్లేదు." గడియారం పెట్టుకుని చదివితే అర నిమిషం పైచిలుకు. రెండుసార్లు చదవండి, మధ్యలో పాట వేయకండి.

వచ్చే తరగతికి ప్రతి ఒక్కరూ మీ పేటలో మూడు పటాలు గీసుకుని రండి: మీ పిన్ ఎక్కడ మారుతుంది, మీ ఫీడర్ ఎక్కడ మారుతుంది, మన స్టేషన్ వినపడటం ఎక్కడ ఆగుతుంది. గల్లీ పేరుతో సహా రాయండి. పటాన్‌చెరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇద్దరున్నారు కదా, మీరు 218లో కోఠి దాకా ఇయర్‌ఫోన్ పెట్టుకుని రండి, ఏ స్టాపు దగ్గర శుభ్రంగా అందిందో రాయండి.